గొర్రెల చదువు

ఈశ్వరి ఆస్ట్రేలియాలో గొర్రెల దొడ్డి ఊడుస్తోందన్న కబురు ఆమెకంటే ముందే గుట్టకిందపల్లి చేరింది. మోసుకొచ్చినవాడు ఆమె మేనమామ నరసింహప్ప కొడుకు జయరాం. హిందూపురంలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతూ, తన పనికంటే ఊరివాళ్ళ సంగతులు ఎక్కువగా చూసుకునే మనిషి. ఒకరోజు అతనికి కంప్యూటర్ తెర మీద ఈశ్వరి ఫోటో కనబడింది. తలకు గుడ్డ కట్టుకుని, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, ఒక తెల్ల గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. జయరాం దాన్ని రంగుల్లో అచ్చు తీసి, నలగకుండా అట్టల మధ్య పెట్టి, ఆదివారం బస్సెక్కి మరీ ఊరికి తెచ్చాడు. టీ అంగడి దగ్గర బయలుదేరిన ఆ ఫోటో మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగి, మూలలు మాసిపోయి, సాయంత్రానికి ఈశ్వరి తండ్రి ఎర్రప్ప చేతికి వచ్చింది.

ఎర్రప్ప ఫోటోను చూశాడు. తిప్పి వెనక తెల్లగా ఉన్న వైపు కూడా చూశాడు. "ఇది మా పాప కాదు" అని జయరాం చేతిలో పెట్టేసి ఇంట్లోకి పోయాడు.

గుట్టకిందపల్లిలో గొర్రెలు కాయడం తప్పేమీ కాదు. గోరంట్ల నుంచి కదిరి వైపు పోయే దారిలో, రాళ్ళగుట్టకూ ముళ్ళకంపలకూ మధ్య ఉన్న ఆ ఊళ్ళో సగం ఇళ్ళు కురుబవాళ్ళవే. ఆ ఇళ్ళన్నీ గొర్రెల మీద నిలబడ్డవే. అసలు తంటా వేరే ఉంది. కూతురు కంప్యూటర్లు చదవాలని ఎర్రప్ప తన మందనంతా అమ్మేశాడు. అమ్మి ఆమెను సముద్రం దాటించాడు. దాటిన పిల్ల తిరిగి గొర్రెల్లోనే తేలిందంటే ఊరు నవ్వకుండా ఎలా ఉంటుంది? ఊరు నవ్వడానికి అంతకంటే చిన్న కారణాలే చాలు.

ఎర్రప్ప మందను ఎందుకమ్మాడో తెలియాలంటే పదేళ్ళు వెనక్కి పోవాలి. అప్పుడు ఈశ్వరి గోరంట్ల బడిలో ఏడో తరగతి. తెల్లారి లేచి దొడ్డిలో పిల్లగొర్రెలకు తల్లుల్ని వెతికి పెట్టి, పాలు తాగించి, ఆ చేతులే లంగాకు తుడుచుకుని బస్సుకు పరిగెత్తేది. తల్లి లేని పిల్ల ఏదైనా ఉంటే దాన్ని ఒళ్ళో పెట్టుకునే సంగటి తినేది. ఆమెకు గొర్రెలంటే ప్రాణం. అది ఆమెకు చదువులాంటిదే, ఇంకా చెప్పాలంటే చదువుకంటే బాగా వచ్చేది.

ఒకరోజు సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. బళ్ళో కొత్తగా వచ్చిన అయ్యవారు తనను వాకిలి పక్కన విడిగా కూర్చోబెట్టాడట. గాలి తగిలే చోట కూర్చో, గొర్రె వాసన కొడుతున్నావు అన్నాడట. ఆ పిల్లకు అందులో పెద్ద బాధేమీ లేదు. వాకిలి దగ్గర కూర్చుంటే బయట పోయే మందలన్నీ కనిపిస్తాయని సంబరమే. ఎర్రప్ప మాత్రం చేతిలోని ముద్దను తట్టలో పెట్టేసి లేచిపోయాడు.

మర్నాడు భుజాన కంబళి వేసుకుని బడికి పోయాడు. అయ్యవారు వరండాలోకి వచ్చి, ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, మెట్టు దిగకుండానే మాట్లాడి పంపించాడు. ఏం మాట్లాడాడో ఎర్రప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి కూతుర్ని దొడ్డి వైపు రానివ్వలేదు. కంబళి ఇంటి బయట చూరు కింద వేలాడదీశాడు. తానూ బయటే, దొడ్డిలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. సంతకు పోయినప్పుడల్లా వాసన సబ్బు ఒకటి తెచ్చి ఈశ్వరి చేతిలో పెట్టేవాడు. ఆమెతో మాట్లాడాల్సి వస్తే ముందు స్నానం చేసేవాడు. తండ్రి దగ్గరికి వస్తే సబ్బు వాసన, తండ్రి దూరంగా ఉంటే తండ్రి వాసన. ఆ పిల్ల పెరిగింది ఇలా. నీకు ఇది ఇష్టమేనా అని ఒక్కరూ ఆమెను అడగలేదు.

తర్వాత హిందూపురంలో ఇంటర్, అనంతపురంలో డిగ్రీ. ఊళ్ళలో గంజి కేంద్రాలు పెట్టిన కరువులో కూడా ఎర్రప్ప మందను తుంగభద్ర కాలువల దాకా తోలుకుపోయి, పరాయి పొలాల్లో నిలిపి, ఎముకలు తేలిన గొర్రెలతో తిరిగొచ్చాడే తప్ప కూతురి చదువు ఆపలేదు. ఆ రోజుల్లో అనంతపురంలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సు పేరే. అందరూ పోతున్న దారి కదా అని ఈశ్వరీ పోయింది. ఆస్ట్రేలియాలో సీటు వచ్చిందని తెలిసిన వారానికే ఎర్రప్ప మందను సంతకు తోలాడు.

"రెండన్నా ఉంచు నాయనా" అంది ఈశ్వరి.

"ఒగటి ఉన్నా వాసనే" అన్నాడు ఎర్రప్ప.

మందకు ముందు నడిచే గంట పొట్టేలును కూడా పట్టుకుపోయాడు. ఖాళీ దొడ్డిలో నీళ్ళు చల్లించి, సున్నం కొట్టించి, అందులో కూర్చునేందుకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశాడు. ఆ కుర్చీల్లో ఎవరైనా కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

ఆస్ట్రేలియా అనగానే సముద్రం పక్కన మేడలు అనుకుంటారు. ఈశ్వరి దిగిన ఊరికి సముద్రం రోజంతా ప్రయాణం. ఎర్రమట్టి, ఎండిన గడ్డి, ఆకాశం వైపు చూసే రైతులు. ఆ ఏళ్ళలో అక్కడా కరువే నడుస్తోంది. చెట్లకు నీళ్ళు పోస్తే జరిమానా. కరువు నుంచి పారిపోయి కరువులోకే వచ్చానే అని ఆమెకు మొదటిరోజే నవ్వొచ్చింది.

చదువుకునే పిల్లలు వారంలో కొన్ని గంటలు మాత్రమే పని చేయొచ్చన్నది అక్కడి నిబంధన. ఈశ్వరి మొదట ఒక హోటల్లో గిన్నెలు కడిగింది. ఆ యజమాని మన దేశంవాడే. సగం జీతం ఎగ్గొట్టి, గట్టిగా అడిగితే నువ్వు ఎక్కువ గంటలు పని చేశావని వీసా ఆఫీసుకు చెప్తాను అని బెదిరించేవాడు. ఆ మాటకు ఎందరో పిల్లలు తలొంచుకుని కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగారు. ఈశ్వరి కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి అతని గల్లాపెట్టె మీద పెట్టి, "చెప్పుకోపో. నేనే వచ్చి నీ సంగతి గూడా చెప్తా" అని అచ్చ తెలుగులో అనేసి బయటికొచ్చింది. అతనికి తెలుగు రాదు. అయినా అర్థమయినట్టే ఉంది, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మర్నాడు కాలేజీ గోడ మీద ఒక ప్రకటన చూసింది. గొర్రెల ఉన్ని కత్తిరించే కొట్టంలో పనిమనుషులు కావాలట. ఊరి బయటి ఆ రేకుల కొట్టానికి వెళ్ళి, తలుపు దగ్గర నిలబడింది. లోపలి నుంచి వాసన వచ్చింది. పేడ, చెమట, ఉన్ని జిడ్డు, ఎండిన గడ్డి. తన తండ్రి సబ్బులు కొని, కంబళి దాచి, మందనమ్మి తన నుంచి దూరం చేసిన వాసన. ఈశ్వరి ఆ తలుపు దగ్గరే నిలబడి కడుపు నిండా పీల్చింది. ఆ దేశానికి వచ్చాక ఆమె మొదటిసారి సంతోషపడింది అప్పుడే.

పని కష్టమైనదే. కత్తిరించేవాళ్ళు ఒక్క ముక్కగా తీసిన ఉన్నిని ఎత్తి బల్ల మీద పరచాలి, అంచుల్లో మురికి ఏరాలి, నేల ఊడవాలి. ఆమె చేతులు ఆ పనిని ఎప్పటినుంచో తెలిసినట్టే చేశాయి. అందుకే పొరపాటు కూడా ఆ చేతులే చేశాయి. కత్తిరించేటప్పుడు గొర్రెకు చర్మం తెగితే గుట్టకిందపల్లిలో ఏం చేస్తారు? వేపనూనెలో పసుపు కలిపి అద్దుతారు. పసుపు గిన్నె లేకుండా అక్కడ ఎవరూ కత్తెర పట్టరు. ఒక గొర్రెకు తెగి రక్తం కారడం చూడగానే ఈశ్వరి తన అన్నం సంచిలోంచి అమ్మ పంపిన పసుపు తీసి, వంటనూనెలో కలిపి అద్దేసింది. దాని పక్కదానికీ అద్దింది. ఆ చేతులతోనే వెళ్ళి ఉన్ని ఎత్తి బల్ల మీద పరిచింది. మన ఊరి గొర్రెలు నల్లనివి, పసుపు అంటినా కనబడదు. అక్కడివి మల్లెపూవులాంటి తెల్లనివి. కాసేపటికి బల్లంతా పసుపు.

ఉన్ని రకాలు వేరుచేసే పెద్దావిడ మార్గరెట్ వచ్చి చూసింది. చూసి కొట్టం దద్దరిల్లేలా తిట్టింది. పసుపు మరక ఎన్ని నీళ్ళలో ఉతికినా పోదు, ఒక్క పోగు కలిసినా మొత్తం ఉన్ని ధర పడిపోతుంది. పనిలోంచి తీసేస్తుందనుకుంది ఈశ్వరి. తీసేయలేదు. పసుపు పోగుల్ని ఒక్కొక్కటే ఏరమని పక్కన కూర్చోబెట్టింది. ఏరుతూ ఏరుతూ ఈశ్వరి, మంచి ఉన్ని అని దేన్నంటారు అని అడిగింది. మార్గరెట్ కోపం దిగని ముఖంతోనే ఒక కుచ్చు తీసుకుని, రెండు కొసలూ పట్టి, ఆ పిల్ల చెవి దగ్గర చటుక్కున లాగింది. తీగ మీటినట్టు మోగింది. ఇంకో కుచ్చు తీసి లాగితే మధ్యలో పుటుక్కున తెగింది. గొర్రె ఆకలికి మాడిన రోజుల్లో పెరిగిన ఉన్ని సన్నబడుతుందట, లాగితే అక్కడే తెగుతుందట.

ఈశ్వరి చేతిలోని పసుపు పోగులు వదిలేసింది. ఆమెకు గంజి కేంద్రాల ఏడాది గుర్తొచ్చింది. కాలువల దాకా పోయి ఎముకలతో తిరిగొచ్చిన మంద గుర్తొచ్చింది. కొనేవాడు లేక నాయన ముళ్ళకంపల్లో పారబోసిన నల్ల ఉన్ని గుర్తొచ్చింది. ఆ ఉన్నిలో ఆ ఏడాది ఆకలంతా ఉండిపోయిందన్నమాట. ఇలాంటి చదువు ఒకటి ఉండగా కంప్యూటర్ ముందు ఎందుకు కూర్చున్నానని తన మీద తనకే ఒళ్ళు మండింది.

మరుసటి టర్ముకు చదువు మార్చేసింది. కాలేజీవాళ్ళు ఒప్పుకున్నారు, వీసావాళ్ళూ ఒప్పుకున్నారు. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు. అమ్మ అంజనమ్మకు ఫోన్లో చెప్పింది. అంజనమ్మ, "మీ నాయనకు నేను చెప్పనమ్మే. నువ్వే వచ్చి చెప్పుకో" అంది.

అలా చెప్పుకుందామనే శివరాత్రికి ముందు సెలవుల్లో ఊరికి వచ్చింది. గోరంట్ల బస్టాండుకు తండ్రి రాలేదు. మేనమామ నరసింహప్ప మోపెడ్ మీద వచ్చి, పెట్టె ముందర పెట్టుకుని, "ఏం పాపా, ఆ దేశం గొర్రెలు ఇంగ్లీషులో అరుస్తాయంటనే" అన్నాడు.

"లేదు మామా, తెలుగులోనే అరుస్తాయి. అందుకే నాకు పనిచ్చినారు" అంది ఈశ్వరి. నరసింహప్ప నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఫోటోలోది నేను కాదు అన్న మాట ఆమె నోట వస్తుందని ఆయన కూడా లోలోపల ఎదురుచూశాడు.

ఇంటి దగ్గర దొడ్డిలో ఎర్రప్ప కొత్త పంచె కట్టుకుని, ఆ ప్లాస్టిక్ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. బాగుండావా అని అడిగాడు. తిన్నావా అని అడిగాడు. ఆ తర్వాత, "ఆ పాస్‌పోర్టు ఇట్లియ్యి, చూస్తా" అన్నాడు. ఈశ్వరి ఇచ్చింది. ఒక్కో పేజీ జాగ్రత్తగా తిప్పి చూసి, తీసుకుపోయి ట్రంకుపెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

"పాపా, మీ మామ మందకు ఈ వారమే కత్తెర. ఊరంతా ఆడికి వస్తాది. ఆడ నువ్వు నలుగుర్లో ఒగ మాట చెప్పల్ల. నేను సదివేది కంప్యూటర్లు, ఆ ఫోటో ఊరికే ఆటకు దిగింది అని. అంతే. ఆ పొద్దే తాళం తీస్తా."

"నాయనా, నేను నీకు ఒగటి చెప్పల్లని వచ్చినా."

"నాకేం చెప్పొద్దు" అన్నాడు ఎర్రప్ప. "నాకు తెలుసు. ఊరికి చెప్పు."

ఈశ్వరికి అప్పుడు అర్థమయింది. ఆయనకు అంతా తెలుసు. ఫోటో వెనక వైపు తిప్పి చూసినప్పుడే తెలుసు. ఆయనకు కావలసింది ఊరి చెవిన వేయడానికి ఒక అబద్ధం. అది చెబితే వారంలో విమానం ఎక్కొచ్చు. చెప్పకపోతే టర్ము మొదలైపోతుంది, సీటు పోతుంది, అంతటితో ఆ చదువు చెల్లు.

"చెప్పెయ్యమ్మే" అంది అంజనమ్మ, సంగటి కెలుకుతూ. "ఒగ మాటకు నీ సొమ్మేం పోతాది."

నిజమే, ఏం పోతుంది అని ఈశ్వరి కూడా ఆలోచించింది. అబద్ధమాడి వెళ్ళిపోతే అక్కడ తన చదువు తనకుంటుంది. కానీ వచ్చే ఏడు? ఆ తర్వాత? ప్రతిసారీ ఊళ్ళో దిగేముందు తన బతుకును కూడా ఆ కంబళిలాగా చూరు కింద తగిలించి రావాలా? ఫోటో తెచ్చి ఇంత పని చేశానే అని నొచ్చుకున్న జయరాం ఒకసారి చాటుగా వచ్చి, "ఆ పెట్టె తాళం సైకిల్ పుల్లతో వస్తాది. నువ్వు ఊ అంటే తీసిస్తా" అన్నాడు.

"దొంగగా పోను బావా" అంది ఈశ్వరి. "పోతే వాకిట్లోనుంచే పోతా."

కత్తెర రోజున నరసింహప్ప దొడ్డి దగ్గర పెళ్ళి సందడి. కుంటలో నీళ్ళు లేక గొర్రెల్ని కడగలేదు, దుమ్ము దులిపి వదిలారు. మగవాళ్ళు వేపచెట్టు నీడలో వరుసగా కూర్చుని, గొర్రెకు నాలుగు కాళ్ళూ కట్టి పడుకోబెట్టి కత్తిరిస్తున్నారు. ఆడవాళ్ళు సంగటి ముద్దలు చేస్తున్నారు. కత్తిరించిన ఉన్ని నల్లటి కుప్పగా పడుతోంది. దాన్ని కొనేవాడు రాడు, సాయంత్రం ఎత్తి కంపల్లో పారబోస్తారు. ఒకప్పుడు ఆ ఉన్ని వడికి కంబళ్ళకు నూలు తీసిన హనుమక్క, ఎర్రప్ప తల్లి, కుప్ప పక్కనే కూర్చుని అలవాటు కొద్దీ ఒక కుచ్చును వేళ్ళతో దువ్వుతోంది.

నరసింహప్ప కత్తెర పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు. ఎర్రప్ప ముందే చెప్పి ఉంచాడని అందరికీ తెలుస్తూనే ఉంది.

"పాపా, నలుగురూ అడుగుతాండారు. ఆడ నువ్వు సదివేదేందో, చేసేదేందో నీ నోటితోనే చెప్పు."

ఎర్రప్ప రాతి మీద కూర్చుని చెయ్యి మొలతాడు మీద పెట్టుకుని ఉన్నాడు. ఈశ్వరి లేచి నిలబడింది.

"నేను కంప్యూటర్లు వదిలేసినా మామా. ఏడాదవుతాంది. ఇప్పుడు సదివేది గొర్రెల సదువు, ఉన్ని సదువు. ఉన్ని కొట్టంలో పేడ ఊడుస్తా, ఉన్ని ఎత్తుతా. ఫోటోలో ఉండేది నేనే. జయరాం బావ చెప్పింది నిజమే. అది గూడా సగమే చెప్పినాడు."

మిగతా సగం ఆమే చెప్పింది. హోటలాయన గల్లాపెట్టె మీద గుడ్డ పెట్టిన సంగతి, పసుపు సంగతి, బల్లంతా పచ్చబడిన సంగతి, మార్గరెట్ తిట్లు. పసుపు దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ళు కత్తెరలు ఆపి నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి తగ్గిపోయింది, తమలో ఒకరు చేసిన తప్పు కదా. హనుమక్క మాత్రం నవ్వలేదు.

"పసుపు పూస్తే తిట్టిందా ఆయమ్మ? మరి పుండు పడితే ఏం పూస్తారే ఆడ?"

"ఏదో మందు చల్లుతారవ్వా."

"మందు" అంది హనుమక్క, ఆ దేశం మీద జాలిపడి.

అప్పుడు ఎర్రప్ప లేచాడు. ముఖం నల్లబడి ఉంది.

"నవ్వండప్పా, నవ్వండి. ఆ పొద్దు ఆ అయ్యవారు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకొని మాట్లాడినాడు నాతో. మీ పాపను కడుక్కోని రమ్మను, లేకపోతే గొర్రెలకాడికే పంపించు అన్నాడు. ఆ వాసన నా బిడ్డకు అంటగూడదని ఇన్నేండ్లు నేను దొడ్లో పండుకున్నా. మందనమ్మినా. పోయి పోయి దాంట్లోనే పడింది చూడు."

ఆ అయ్యవారు అన్న మాట ఏమిటో ఈశ్వరికి ఆ రోజే తెలిసింది. తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు నన్ను ఒగసారన్నా అడిగినావా నాయనా? వాసన నాకు చెడ్డదని యాడన్నా చెప్పినానా? ఎవురో ముక్కు మూసుకుంటే నువ్వు మందనమ్మినావు. ముక్కు ఆయప్పది, మంద మనది. ఆయప్ప ముక్కుకోసం మన ఇల్లు ఖాళీ చేసుకుందుమా?"

ఎర్రప్ప చెయ్యి మళ్ళీ మొలతాడు మీదికి పోయింది.

"పాస్‌పోర్టు నీకాడే పెట్టుకో. సీటు పోతే పోనీ. రేపట్నుంచి మామ మంద వెనకాల పోతా. ఆడైనా గొర్రెలే, ఈడైనా గొర్రెలే. అబద్ధం మాత్రం చెప్పను. నీకోసం గూడా చెప్పను."

అని పక్కనున్న మనిషి చేతిలోంచి కత్తెర తీసుకుంది. గొర్రెకు కాళ్ళు కట్టబోతుంటే వద్దంది. అక్కడివాళ్ళు చేసినట్టు గొర్రెను ఎత్తి, పిరుదుల మీద కూర్చోబెట్టి, వీపును తన మోకాళ్ళకు ఆనించుకుంది. అలా కూర్చున్న గొర్రె కదలదని అక్కడ నేర్పారు. గుట్టకిందపల్లి గొర్రెకు ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. అది ఒక్క తన్ను తన్నింది. ఈశ్వరి వెల్లకిలా దుమ్ములో పడింది. దొడ్డి దొడ్డంతా పగలబడి నవ్వింది. ఆమె లేచి, పెదవి మీది రక్తం తుడుచుకుని, మళ్ళీ దాన్నే పట్టుకుంది. ఈసారి గట్టిగా అదిమి పట్టి కత్తెర వేసింది. మెడ నుంచి భుజం దాకా ఉన్ని ఒక్క పొరగా దిగింది, నవ్వులు తగ్గాయి. భుజం దగ్గర చెయ్యి జారింది. చర్మం తెగి రక్తం చిమ్మింది.

పసుపు గిన్నె ఎవరు తెచ్చారా అని ఈశ్వరి తలెత్తి చూస్తే ఎర్రప్ప. కొత్త పంచెతోనే దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని, గొర్రె మెడను ఒక చేత్తో పట్టి, రెండో చేతి వేళ్ళతో పసుపు అద్దాడు. రెండేళ్ళ తర్వాత ఆయన చెయ్యి గొర్రె మీద పడింది. ఆ చేతికి ఎంత ఆకలిగా ఉందో చూసినవాళ్ళందరికీ తెలిసింది. అద్దడం అయిపోయినా తీయలేదు. గొర్రె కూడా తన్నలేదు.

"ఆ మరక ఆడ ఉతికితే పోలేదా?" అన్నాడు చివరికి, గొర్రెను చూస్తూ.

"పోలేదు నాయనా."

"మన పసుపేనా?"

"అమ్మ పంపించిందే."

"అయితే ఎట్ల పోతాది" అన్నాడు ఎర్రప్ప. గొంతులో ఎక్కడో చిన్న గర్వం ఉంది.

ఈశ్వరి కత్తిరించిన ఉన్నిలోంచి ఒక కుచ్చు తీసి, రెండు కొసలూ పట్టి, తండ్రి చెవి దగ్గర లాగింది. పుటుక్కున తెగింది. "ఈడ తెగింది చూడు నాయనా. పోయినేడు వానల్లేనప్పుడు దీనికి మేత లేదు. అదే నేను సదివేది."

"దానికి ఉన్ని పెరకల్లా? దాని మొగం చూస్తే తెలీదా నాకు" అన్నాడు ఎర్రప్ప విసుగ్గా. అని ఆ కుచ్చును ఆమె చేతిలోంచి తీసుకుని, తాను ఇంకో చోట లాగి, చెవి ఒగ్గి విన్నాడు. మళ్ళీ లాగాడు. ఆ తర్వాత ఎవరూ అడగకపోయినా, ఆ గొర్రె తల్లి ఎవరిదో, ఏ కరువులో ఎక్కడ మేసిందో చెప్పడం మొదలుపెట్టాడు. నరసింహప్ప ఏదో అనబోతే, "నువ్వు గమ్మునుండప్పా, మేం సదువు మాట్లాడుకుంటాండాం" అన్నాడు.

ఆ సాయంత్రం నల్ల ఉన్ని కంపల్లోకి పోలేదు. హనుమక్క సంచులు తెప్పించి, కొనే మనిషొచ్చి అడిగేదాకా ఇది కదిలేది లేదని దాని మీదే కూర్చుంది. ఎర్రప్ప ఇంటికి పోతూ చేతులు కడుక్కోలేదు. ఇంటికి వెళ్ళాక మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, ట్రంకుపెట్టె తీసి, పాస్‌పోర్టును తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. దాని అట్ట మీద, లోపల ఆమె ఫోటో ఉన్న పేజీ అంచున, ఆయన బొటనవేలు ముద్ర పచ్చగా పడి ఉంది.

"మరక పడింది నాయనా. ఇది ఇంగ పోదు" అంది ఈశ్వరి.

"పడనీ" అన్నాడు ఎర్రప్ప. చూరు కింద ఇన్నేళ్ళుగా వేలాడుతున్న కంబళిని దించి, దులిపి, భుజాన వేసుకుని, ఆమె పక్కనే గడపలో కూర్చున్నాడు. "ఏందిదని ఎవురన్నా అడిగితే, మా నాయన చెయ్యి అని చెప్పు. ముక్కుకాడ పెట్టుకొని వాసన గూడా చూసుకోమను."